ఒక్క గదిలో ఐదు మూలలు: అంగన్‌వాడీలో ఆటల కార్నర్లు ఎలా పెట్టుకోవాలి

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలున్న గదిలో టీచర్ గొంతు ఎంత గట్టిగా వినపడుతోందో చూస్తే ఆ గది ఎలా సర్ది ఉందో సగం తెలిసిపోతుంది. "అది తియ్యకు", "అటు పరిగెత్తకు", "వాడి చేతిలోది లాక్కోకు" అని పొద్దున్నుంచీ అంటూనే ఉండాల్సి వస్తోందంటే ముందు గదిని చూసుకోవాలి. పిల్లవాడు ఎవర్నీ అడక్కుండా తనకు కావాల్సింది తీసుకుని, ఆడుకుని, మళ్లీ అక్కడే పెట్టగలిగేలా గది ఉంటే, మీకు నేలమీద కూర్చుని పిల్లలతో మాట్లాడే తీరిక దొరుకుతుంది. మూలలు పెట్టుకోవడం అందుకే.

ఇది కోనసీమలో రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం వైపు ఉండే మామూలు అంగన్‌వాడీ గదుల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఒకటే గది. ఒక పక్క బియ్యం, కందిపప్పు, బాలామృతం ప్యాకెట్లు, ఇంకో పక్క బరువు తూచే మిషన్, రికార్డుల బీరువా. ఇరవై మంది దాకా పిల్లలు. మీరు, మీ ఆయా. సొంతంగా చిన్న ప్లేస్కూల్ నడుపుకునేవాళ్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. డబ్బు పెద్దగా అక్కర్లేదు. కావాల్సిందల్లా ఒక ఆదివారం, ఒక సుద్దముక్క, ఊళ్లో నలుగురి సాయం.

ముందు గది ఖాళీ చెయ్యండి

సామాను అక్కడే ఉంచి దాని చుట్టూ మూలలు పెడదామనుకుంటే కుదరదు. అన్నీ వరండాలోకి తీసి, ఖాళీ గది మధ్యలో మోకాళ్లమీద కూర్చోండి. నాలుగేళ్ల పిల్లల ఎత్తు ఇంచుమించు మూడుంబావు అడుగులు. ఆ ఎత్తు నుంచి చూస్తే గోడమీద పైన అంటించిన ఛార్టులు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. స్విచ్ బోర్డు, కిటికీ రెక్క అంచు, బీరువా కోణం మాత్రం సరిగ్గా కళ్ల దగ్గరికే వస్తాయి.

ఇప్పుడు సుద్దముక్కతో నేలమీదే గీసుకోండి. గుమ్మం నుంచి నీళ్ల దగ్గరికి, గుమ్మం నుంచి బాత్‌రూమ్‌కి నడిచే దారి ముందు గీయండి. ఆ దారిలో ఏమీ పెట్టకూడదు. వెలుతురు ఎటునుంచి వస్తుందో, వాన జల్లు ఏ కిటికీలోంచి కొడుతుందో గుర్తు పెట్టండి. నేల చెమ్మగిల్లే చోటు కూడా. మన వైపు వానాకాలంలో ప్రతి గదిలోనూ అలాంటి చోటు ఒకటుంటుంది. పుస్తకాలు అక్కడ పెడితే దసరాకి బూజు పడతాయి.

తర్వాత రెండు గీతలు చాలు. ఒక గీత తడి పనుల్నీ పొడి పనుల్నీ విడదీస్తుంది. నీళ్లు, మట్టి, రంగులు గుమ్మం దగ్గరో వరండాలోనో ఉండాలి. రెండో గీత గోల ఉండే ఆటల్ని నెమ్మదిగా ఉండే ఆటల నుంచి విడదీస్తుంది. చెక్కముక్కల ఆట, బొమ్మరిల్లు పక్కపక్కనే ఉండొచ్చు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి ఆట సాగుతుంది కూడా. పుస్తకాలు, లెక్కపెట్టే ఆటలు వాటికి ఎదురు మూలకు పోవాలి.

గది మధ్యలో పొడుగ్గా ఖాళీ వదలకండి. అలాంటి చోటు కనిపిస్తే పిల్లలు పరిగెడతారు. అది వాళ్ల తప్పు కాదు. అక్కడ ఒక చాప అడ్డంగా వేస్తే పరుగు ఆగిపోతుంది.

ఎన్ని మూలలు?

ఐదు. ఎనిమిది పెట్టాలని ఆశ పడొద్దు. ఒక్కో మూలలో ఐదుగురు అనుకుంటే పాతిక మందికి చోటు వస్తుంది. ఇరవై మంది పిల్లలుంటే పాతిక చోట్లు ఉండాలి. సరిగ్గా ఇరవయ్యే ఉంటే చివర వచ్చిన పిల్ల మిగిలిపోయిన చోటికే వెళ్లాలి, దాన్ని ఎంచుకోవడం అనరు.

అడ్డుగోడలకు చెక్క ర్యాకులు కొనక్కర్లేదు. ఇటుకల మీద చెక్కపలకలు రెండు వరసలు పేరిస్తే రెండడుగుల ఎత్తు అర తయారవుతుంది. కింద వరస ఇటుకలు తప్పనిసరి, లేకపోతే చెద పట్టేస్తుంది. రెండడుగులు దాటి పేర్చకండి. దానిమీదుగా గదంతా మీకు కనిపించాలి, మీరు వాళ్లకు కనిపించాలి. పిల్లలు ఎక్కినా, పట్టుకుని లాగినా కదలకుండా గోడకు ఆనించి తాడుతో బిగించండి.

గది మరీ చిన్నదైతే మూలలన్నీ బుట్టల్లోనే ఉండొచ్చు. ఒక్కో బుట్టకు ఒక చాప. పొద్దున చాప పరిచి బుట్ట పెడితే మూల వచ్చినట్టే, భోజనాల వేళకి ఎత్తేస్తారు. చాపలు రంగుల్లో వేరేవేరుగా ఉంటే ఏ చాప మీద ఏ ఆటో పిల్లలకి ఇట్టే తెలుస్తుంది.

చెక్కముక్కల మూల

ఒకే ఒక్క మూల పెట్టే వీలుందని ఎవరైనా అంటే నేను ఇదే పెట్టమంటాను. ప్లాస్టిక్ బ్లాకులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని నిలబడతాయి. చెక్కవి అలా నిలబడవు, బరువు చూసి, సమానంగా పెట్టాలి. ఆ తంటాలోనే పిల్లలకి లెక్కలు మొదలవుతాయి.

ఊరికి దగ్గర్లో సామిల్లు ఉంటుంది. వడ్రంగి మేస్త్రిని అడిగితే తునకలు ఊరికే ఇస్తారు. కోయించుకునేటప్పుడు మాత్రం ఒక కొలత పట్టుకోండి: మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకి రెట్టింపు పొడవు. కరోలిన్ ప్రాట్ అనే అమెరికన్ టీచరు వందేళ్ల కిందట తయారు చేసిన బ్లాకుల కొలత ఇదే. ఐదున్నర అంగుళాల పొడవు, రెండుముప్పావు వెడల్పు, అంగుళంన్నరకి కాస్త తక్కువ మందం. దాంట్లో సగం ముక్కలు కొన్ని, రెట్టింపువి కొన్ని ఉండాలి. రెండు చిన్నవి కలిపితే ఒక పెద్దది అవుతుందని ఎవరూ చెప్పకుండానే నాలుగేళ్ల పిల్ల కనిపెడుతుంది. అంచులన్నీ ఉప్పుకాగితంతో బాగా రుద్దించండి. రంగులు వెయ్యొద్దు. పాత పెయింట్ డబ్బాల్లో సీసం ఉండొచ్చు, పిల్లల నోట్లోకి పోతుంది.

నలుగురు పిల్లలకి వంద ముక్కలైనా కావాలి. ఇరవై ముక్కలిస్తే కట్టడానికి ఏమీ ఉండదు, కొట్లాటే మిగులుతుంది. ముక్కలతో పాటు కొబ్బరి చిప్పలు, వేసవిలో ముంజలు తిన్నాక మిగిలే తాటిబుర్రలతో చేసిన బళ్లు, రెండు మూడు చిన్న గుడ్డ బొమ్మలు పెట్టండి. ఆటకి కథ వస్తుంది.

ఈ మూలలో మన పిల్లలు ఎక్కువగా కట్టేవి ఇళ్లు, వంతెనలు. ఒక చోట ఐదేళ్ల పిల్లవాడు పొడుగు ముక్కలు వరసగా నిలబెట్టి, వాటి మధ్య సన్నటివి దూర్చి, "ధవళేశ్వరం బ్యారేజీ అండి, గేట్లు ఎత్తేశాను, అందరూ పక్కకెళ్లండి" అన్నాడు. పక్కనున్న పిల్ల తన ఇంటిని మోసుకెళ్లి పుస్తకాల అర మీద పెట్టింది, నీళ్లొస్తాయని. అలాంటప్పుడు మనం మధ్యలోకి వెళ్లి "ఎన్ని గేట్లున్నాయి, లెక్కపెట్టు" అనకూడదు. కాసేపాగి, "ఇంక ఏ ఊళ్లకి చెప్పాలి?" అంటే చాలు, ఆట ఇంకో అరగంట నడుస్తుంది.

బొమ్మరిల్లు మూల

వంటింటితో మొదలుపెట్టండి. చిన్న గిన్నెలు, కొబ్బరి చిప్ప గరిటె, చేట, జల్లెడ, పాత చీర, తాతగారి కండువా, పనిచెయ్యని ఫోను. గాజువి, పదునైనవి వద్దు. నిజం గిన్నెలు పెట్టండి, బజార్లో దొరికే గులాబీ రంగు వంట సెట్టు కంటే పిల్లలకి అవే ఇష్టం. మగపిల్లలు వంట చేస్తుంటే ఎవరైనా నవ్వితే అక్కడే ఆపండి. కండువా ఆడపిల్లకీ, చీర మగపిల్లాడికీ అందేలా ఒకే తాడు మీద వెయ్యండి.

నెలా, నెలన్నర తర్వాత వంటింటిని వేరే చోటుగా మార్చండి. పిల్లలు రోజూ చూసే పనుల్లోంచే ఎంచుకోవాలి. అంబాజీపేట చుట్టుపక్కలైతే కొబ్బరికాయల కొట్టు పెట్టొచ్చు. నిజం కాయలు నాలుగైదు, గోనెసంచులు, పాత తక్కెడ. రావులపాలెం వైపు అరటి గెలల మార్కెట్. కడియం పిల్లలకి నర్సరీ: చిన్న కవర్లలో మట్టి, మొక్క బదులు కొమ్మలు, పేర్లు రాసిన చీటీలు. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఇల్లు, పాత పల్చటి కాగితాలతో. చూస్తే ఆటే, చేతివేళ్లకి మాత్రం అది మంచి పని.

నాకు అన్నిటికంటే నచ్చింది పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే వెడల్పాటి పడవ. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లని పిల్ల ఆ చుట్టుపక్కల ఉండదు. ఒక పెద్ద చాప, చుట్టూ తాడు, ఒక చివర రెండు పీటలు. ఇది చేసే తీరు చెబుతాను. ముందు రోజు గుండ్రంగా కూర్చోబెట్టి "పంటులో ఏమేం ఎక్కుతాయి?" అని అడగండి. వాళ్లు చెప్పిందల్లా బోర్డు మీద బొమ్మలు వెయ్యండి: బైకు, ఆటో, గేదె, చేపల బుట్ట, మామ్మ. ఏది ఎవరు అవుతారో వాళ్లనే తేల్చుకోనివ్వండి. టిక్కెట్లకి పాత నోటుపుస్తకం కాగితాలు ముక్కలు చేసి ఒక పెన్సిల్ పెట్టండి. మర్నాడు ఎవరో ఒకరు ఆ కాగితాల మీద గీతలు గీసి చింపి ఇస్తారు. చదవడం రాని పిల్ల, రాస్తే విలువ ఉంటుందని గ్రహించి గీసిన గీతలవి. వాటిని పారెయ్యకండి. తేదీ వేసి దాచండి, తల్లిదండ్రులకి చూపించడానికి అంతకు మించిన కాగితం ఉండదు.

పుస్తకాల మూల

చెమ్మ లేని చోటు, కిటికీ వెలుగు, ఒక తుంగచాప, రెండు దిళ్లు. పుస్తకం వెన్ను కనపడేలా పేరిస్తే చదవడం రానివాళ్లకి ఏమీ తెలియదు. కొబ్బరి తాడు పిల్లల భుజాల ఎత్తున గోడ వెంట బిగించి, బట్టల క్లిప్పులతో అట్టలు ఎదురుగా కనపడేలా తగిలించండి. ఒకసారికి పది పుస్తకాలు చాలు, వారం వారం రెండు మార్చండి. ప్రథమ్ బుక్స్, తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తెలుగులో చవగ్గా దొరుకుతాయి. పిల్లలు చెప్పిన మాటలు మీరు రాసి, వాళ్లు బొమ్మలేసి, దారంతో కుట్టిన పుస్తకం ఒకటైనా అందులో ఉండాలి. అన్నిటికంటే ముందు చిరిగిపోయేది అదే, అంతగా చదువుతారు.

లెక్కల, చేతివేళ్ల మూల

పజిల్స్, పూసలు, జత చేసే కార్డులు అంగన్‌వాడీకి వచ్చే ఆటవస్తువుల కిట్‌లోనే ఉంటాయి. వాటికి తోడు వామనగుంటల పీట, గవ్వలు, చింతపిక్కలు, చిప్పలు చిన్నా పెద్దా. ఈనెలు పిల్లల చేతికి ఇవ్వకండి, కళ్లకి ప్రమాదం. బదులుగా ఐస్‌క్రీమ్ పుల్లలు పదేసి కట్టలు కట్టి పెట్టండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వామనగుంటల్లో గురివింద గింజలు వాడటం మనకి అలవాటు. పిల్లల గదిలోకి అవి రాకూడదు. ఎర్రగా ముచ్చటగా ఉండే ఆ గింజ నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలు, గన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు కూడా అంతే. చింతపిక్కల్లాంటి చిన్నవి ఆయా కంటి ముందు మాత్రమే, మూత గట్టిగా ఉన్న డబ్బాలో. మూడేళ్లు నిండని చెల్లెళ్లు, తమ్ముళ్లు అక్క వెంట వచ్చి కూర్చున్న రోజు ఆ డబ్బా పై అరలోకి పోవాలి. ముక్కులో, చెవిలో పెట్టుకోవడం వాళ్లకి క్షణం పని.

డబ్బాల విషయంలోనూ జాగ్రత్త. చేలకి కొట్టే పురుగుమందు డబ్బాలు, రొయ్యల చెరువుల మందుల డబ్బాలు ఎంత కడిగినా పిల్లల వస్తువులు పెట్టడానికి పనికిరావు. ఎవరైనా ఇస్తామన్నా వద్దని చెప్పండి.

మట్టి, నీళ్లు, రంగులు: వరండా

కుమ్మరి దగ్గర తెచ్చిన బంకమన్ను అన్నిటికంటే మేలు. తడి గోనెగుడ్డ చుట్టి మూతకుండలో పెడితే వారాల తరబడి మెత్తగా ఉంటుంది. మట్టి పిసికిన వేళ్లకే తర్వాత పెన్సిల్ పట్టు వస్తుంది.

నీళ్లకి ఒక వెడల్పాటి టబ్బు, గరాటు, చిల్లుల మగ్గు, వేర్వేరు సైజుల సీసాలు. నీళ్లు నాలుగు అంగుళాలకి మించొద్దు, పెద్దవాళ్లు ఒకరు పక్కనే కూర్చోవాలి. ఆట అవ్వగానే టబ్బు వంపేసి బోర్లించండి. నాలుగంగుళాల నీళ్లలోనూ పసిపిల్లలు మునిగిపోగలరు, రాత్రంతా నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి. అటూ ఇటూ కాలవలున్న ఊళ్లలో మనకి ఇది చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నాను.

పసుపు, బీట్‌రూట్ రసం, బొగ్గు రంగులకి సరిపోతాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని చూపించాలనిపిస్తే మీ చేత్తోనే చూపించండి, సున్నం వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

వస్తువుకి చోటు, పిల్లకి గుర్తు

ప్రతి వస్తువునీ కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, ఆ గీతని దాని అర మీద అంటించండి. కింద పెద్ద అక్షరాలతో పేరు రాయండి: గరిటె, చేట, చిప్ప. గరిటెని గరిటె ఆకారంలో పెట్టడమూ పిల్లలకి ఆటే.

ఒక్కో పిల్లకి ఒక్కో బట్టల క్లిప్పు, దానిమీద తను ఎంచుకున్న బొమ్మ: చేప, పడవ, మామిడికాయ. ప్రతి మూల దగ్గరా అట్ట ముక్క, దానిమీద ఐదు క్లిప్పులు పట్టే గుర్తులు. తన క్లిప్పు పెట్టుకుని లోపలికి వెళుతుంది. చోటు నిండిపోతే వేరే మూల. క్లిప్పుకి తాడు కట్టి మెడలో వెయ్యకండి, ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం.

అన్నీ ఒకే రోజు తెరవొద్దు

వారానికి ఒక మూల చొప్పున తెరవండి. ముందు గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కో వస్తువూ చూపించండి, ఎలా తియ్యాలి, ఎక్కడ పెట్టాలి. రెండో వారం రెండో మూల. ఐదు తెరిచేసరికి నెలపైన పడుతుంది. ఈ ఆలస్యం చాలామందికి నచ్చదు, కానీ తొందరపడ్డ చోట్ల సామాను చిందరవందరైపోయి బీరువాలోకి వెళ్లిపోవడమే ఎక్కువ.

రోజూ ఒకేసారి ముప్పావు గంటకి తగ్గకుండా ఈ ఆటకి ఇవ్వండి. మొదటి పది నిమిషాలు పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు, అసలు ఆట ఆ తర్వాతే. పావుగంటలో ఆపేస్తే ఆట మొదలవ్వకముందే ఆగినట్టు. సర్దుకునే వేళకి ఐదు నిమిషాల ముందు చెప్పి, రోజూ ఒకే పాట పాడండి.

ఆ సమయంలో మీరు ఒక మూలలో నేలమీద కూర్చోండి, గదికి వీపు పెట్టకుండా. చేతిలో చిన్న పుస్తకం. ఎవరు ఎటు వెళ్లారు, ఎవరు ఎటూ వెళ్లలేదు, ఏ మూల ఖాళీగా ఉంది. మూడు రోజులు వరసగా ఒక మూల ఖాళీగా ఉంటే దాంట్లో వస్తువులు మార్చండి, లేదా చోటు మార్చండి.

ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలి

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఏమండీ టీచరుగారూ, మా మనవడు ఇంటికొచ్చి పంటు నడిపానంటన్నాడండి. పలక మీద ఒక్క అచ్చరం రాయించట్లేదా అండి?" వాదించొద్దు. "మామ్మగారూ, రేపు ఒక పది నిమిషాలు వచ్చి కూర్చోండి, వాడేం చేస్తున్నాడో మీరే చూద్దురు గాని" అనండి. వచ్చినావిడకి దాచిన టిక్కెట్టు కాగితాలు చూపించండి, మనవడు ఐదుగురిని ఎక్కించి ఐదు టిక్కెట్లు చింపడం చూపించండి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుని పునాది దశ అంది. ఆ దశకి 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆట ద్వారానే నేర్పమంటోంది. తండ్రులు అడిగితే ఈ మాటా చెప్పండి, కొందరికి ప్రభుత్వం మాట అంటే నమ్మకం. మామ్మగారికి మాత్రం మనవణ్ణి చూపించడమే మేలు.

వానలు, వరదలు

జూన్ నుంచి ప్రతి పొద్దునా పిల్లలు రాకముందు చాపలు దులపండి, బుట్టలు తిరగెయ్యండి. జెర్రులు, ఒక్కోసారి పాము పిల్లలు చేరేది ఆ చాపల మడతల్లోనే. చాప కింద న్యూస్‌పేపర్లు పరిస్తే చెమ్మ పీలుస్తాయి, ఎండ వచ్చిన రోజు అన్నీ బయట ఆరెయ్యండి.

గోదావరి పాయల మధ్య లంక గ్రామాల్లో ఉన్నవాళ్లు రెండు పెద్ద మూత డబ్బాలు ఖాళీగా ఉంచుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వగానే పుస్తకాలు, పజిల్స్, పిల్లల కాగితాలు ఒక డబ్బాలోకి, గుడ్డ బొమ్మలు, చీరలు ఇంకో డబ్బాలోకి సర్ది అటక మీదికి ఎక్కించండి. రెండో హెచ్చరిక వచ్చేదాకా ఆగితే బియ్యం, రికార్డులు చూసుకోవడానికే చేతులు సరిపోవు. చెక్కముక్కలు చివర్లో సర్దుకోవచ్చు. తడిసినా నీళ్లు తగ్గాక కడిగి, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో ముంచి తీసి, ఎండలో బాగా ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. బురదనీళ్లలో నానిన గుడ్డ బొమ్మలు, దిళ్లు మాత్రం దాచుకోకుండా పారెయ్యండి.